వ్యక్తి, సంఘము: హార్వర్డు ప్రయత్నముపై ఒక విమర్శ

మనస్సును మనస్తత్వశాస్త్రము, సంఘమును సంఘశాస్త్రము, ఆచార వ్యవహారములను మానవశాస్త్రము పరిశీలించును. కాని ఈ మూడును ఒకే మనిషిలో కలిసియున్నవి. ఆ మనిషిని ముక్కలుగా చూచుట సరికాదని తలచి, 1946లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున టాల్కట్ పార్సన్స్, గోర్డన్ ఆల్‌పోర్టు, క్లైడ్ క్లక్‌హోన్ మొదలగువారు ‘సాంఘిక సంబంధముల శాఖ’ను నెలకొల్పిరి. ఉద్దేశము ప్రశంసనీయము. అది ఎంతవరకు నెరవేరినదో విచారింపవలెను.

ఈ కృషి ఫలితముగా పార్సన్స్, ఎడ్వర్డు షిల్స్ సంపాదకత్వమున 1951లో ఒక గ్రంథము వెలువడినది. మానవుని చర్యలన్నింటికి వర్తించు సాధారణ సిద్ధాంతమును నిర్మించుట దాని లక్ష్యము. అందు మూర్తిమత్వము, సాంఘిక వ్యవస్థ, సంస్కృతి అను మూడు విభాగములు చేయబడినవి. లోపము ఇక్కడనే కలదు. ఏ శాస్త్రములను కలుపదలచిరో అవియే క్రొత్త పేర్లతో మరల వేరువేరు గదులలో కూర్చున్నవి. పరిభాష ఒకటైనది, కాని సిద్ధాంతము తప్పైనచో ఏ పరిశీలనవలన తెలియునో చెప్పుట కష్టము.

ఇదే శాఖలో 1960లో డాక్టరేటు పొందిన స్టాన్లీ మిల్‌గ్రామ్ వేరొక మార్గము త్రొక్కెను. ఇతరులందరు తప్పు చెప్పుచుండగా వ్యక్తి తన చెవిని నమ్మునా, గుంపును అనుసరించునా అన్నదే ఆయన ప్రశ్న. నార్వే, ఫ్రాన్సు దేశముల విద్యార్థులకు రెండు ధ్వనులు వినిపించి, ఏది ఎక్కువసేపు మ్రోగినదో చెప్పుమనెను. ముందుగా ఇతరుల సమాధానములు వినిపించెను. వానిలో కొన్ని కావలెననియే తప్పుగా చెప్పించినవి. మొదటి ప్రయోగమున అట్టి సందర్భములలో నార్వేవారు నూటికి 62 సార్లు, ఫ్రెంచివారు 50 సార్లు గుంపుతో ఏకీభవించిరి. సమాధానమును రహస్యముగా వ్రాయనిచ్చినప్పుడు రెండు దేశములందును ఈ సంఖ్య తగ్గినది. అనగా, తమ చెవిపై సందేహముతోనే కాక, నలుగురు విందురను జంకుతోను కొందరు లొంగిరన్నమాట.

పరీక్షింపబడినవారు కొద్దిమంది గనుక, దీనిని రెండు జాతుల స్వభావముగా తీర్మానింపరాదు. అయినను మనస్సు, గుంపు, దేశాచారము ఇందు ఒకే ప్రశ్నకు కట్టుబడినవి. తప్పున్నచో మరియొకరు ప్రయోగముచేసి సరిదిద్దవచ్చును.

1970లో సంఘశాస్త్రజ్ఞులు విడిపోయిరి. 1972లో ఆ శాఖ అంతరించినది. దాని అనుభవము మాత్రము వ్యర్థము కాదు. మన ఉన్నత పాఠశాలలలో చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము ‘సాంఘికశాస్త్రము’ అను ఒకే పేరుతో బోధింపబడుచున్నవి. ఒకే అట్టలో కుట్టినంతమాత్రమున అవి కలియవు. చక్కగా చదువుచున్న బాలిక నడుమ బడి ఏల మానెనని తరగతిలో ప్రశ్నించినచో, దారి దూరము, ఇంటి ఆదాయము, తరతరాల ఆచారము, చట్టము అన్నియు చర్చకు వచ్చును. ఆ బాలిక కోరిక ఏమని కూడ అప్పుడు అడుగవలసివచ్చును.