కాలము చెల్లినది, వాడుక తప్పినది

ఆంగ్లమున 'అబ్సొలీట్' అను మాట కలదు. మన అనువాదకులు దానికి 'పాతబడిన' అనియో, 'కాలము చెల్లిన' అనియో వ్రాసి ముందునకు సాగుచుందురు. నేనును చిరకాలము అట్లే వ్రాసితిని. ఆ రెండును చాలవని సూరతు నగరమునందలి అమ్రోలిలో ఒక నేతపనివాడు నాకు తెలియజెప్పెను.

తాపీనదికి ఉత్తరమున నున్న ఆ ప్రాంతమున మరమగ్గములు విస్తారము. తెలంగాణమునుండి తరలిపోయిన పద్మశాలీలు సూరతులో అనేకులు కలరు. నాడెతో నడచు మగ్గములు తొలగుచు, నాడె లేకయే నీటిధారతో పేకను దాటించు యంత్రములు వచ్చుచున్నవి. ఒక షెడ్డు ముందు విప్పి పడవేసిన మగ్గములను జూచి, "ఇవి పాతవైనవా?" అని అడిగితిని. "పాతయి అయితే ఏంది సారూ, మంచిగనే నడుస్తయి. వీటి మీద నేసిన గుడ్డ అడిగేటోళ్లే లేరు" అని అతడు బదులు చెప్పెను. ప్రక్కనున్న యజమాని మాత్రము హిందీలో 'బేకార్' అని ఒక్క మాటతో తేల్చివేసెను. ఆ మాట హిందీలో పనికిరాని వస్తువునకును, పని లేని మనుష్యునకును ఒక్కటే.

ఆంగ్లపదమునకు లాటిను మూలమున వాడుకనుండి తొలగుట, అరిగిపోవుట అను అర్థములు కలవు. పాతదనము దానిలో ముఖ్యము కాదు. పాతదై యుండియు కవిత్వమునందో న్యాయపత్రములయందో నిలిచియున్న పదమును ఆంగ్లేయులు 'ఆర్కాయిక్' అందురు. బొత్తిగా విడువబడిన పదమునకు ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు బాకు గుర్తును తగిలించును. హిందీలోని 'అప్రచలిత్' ఈ అర్థమునకు దగ్గఱిదే గాని ప్రాణము లేని మాట.

మన 'చెల్లు' క్రియ చిత్రమైనది. చెల్లు నాణెము మారకమునకు వచ్చునది. చెల్లిన బాకీ తీరిపోయినది. నూకలు చెల్లినవాడు ఇక లేనివాడు. 2016 నవంబరులో 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నప్పుడు ఆ మాటకు ఎవరికిని వివరణ అక్కఱలేకపోయెను. చలామణిని, ముగింపును ఒక్క క్రియయే చెప్పుచున్నది! కావున 'కాలము చెల్లిన' అనినచో ఆ వస్తువు ఆయువు దానంతటదే తీరినట్లు ధ్వనించును. దానిని విడిచిన చేయి మఱుగుపడును.

గిడుగు రామమూర్తిపంతులుగారు 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లమున విజ్ఞాపనము ప్రకటించిన నాటి వివాదమునకు మూలము ఈ భేదమే యని నా యభిప్రాయము. నేటి వచనరచనకు వాడుక తప్పిన రూపములను విధింపరాదని వారి వాదము. ముఖలింగ శాసనములను శ్రమించి చదివినవారికి పాతదనిన ఏవగింపు ఎట్లుండును? ప్రతిపక్షులలో పలువురు 'వాడుక తప్పినది' అన్న మాటను 'విలువ తప్పినది' అని వినినట్లు తోచును. (గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచు పంతులుగారిని సమర్థించుట చూచి పాఠకులు నవ్వవచ్చును. నా చేతికి అలవడినది ఇది.)

నేను అనువదించుచున్న హిందీవ్యాస మొకదానిలో మగ్గమునకు విశేషణముగా ఈ ఆంగ్లపదమే యథాతథముగా వచ్చినది. తొలి ప్రతిలో 'కాలము చెల్లిన మగ్గము' అని యుండెను. అమ్రోలినుండి వచ్చిన పిమ్మట దానిని కొట్టివేసి 'వాడుక తప్పిన మగ్గము' అని దిద్దితిని. తరువాతి వాక్యమున నేతగానిని గూర్చి 'బేకార్' అని కలదు. అచ్చట 'పని దొరకని' అని వ్రాసితిని.