నాగపాశఘట్టమున శ్రీరాముని యనుజ్ఞ

అమరచింత సంస్థానమునకు రాజధానియై వెలసిన ఆత్మకూరు నేఁడు వనపర్తి జిల్లాలోనిది. గోనవారి వర్ధమానపుర మా సీమకు దూరము కాదు. రంగనాథరామాయణకర్తృత్వమునుగూర్చి పండితులలో వాద మున్నను, గోన బుద్ధారెడ్డి పేరుతోడనే యా ద్విపద ప్రసిద్ధి గాంచినది. కావున యుద్ధకాండవిచార మా సీమవారి కింటిమాట వంటిది. కడలి దాఁటి పరదేశమునఁ జిక్కిన సేన పోరు సాగించుటయా, మానుటయా యను సంశయము రాముని నోటనే వెలువడు చోటొకటి యా కాండమునఁ గలదు. దానికి వ్యాఖ్యానము సరిగా జరుగలేదు.

ఇంద్రజిత్తు నాగపాశములచే రామలక్ష్మణులు బద్ధులై పడిరి. రామునకు ముందుగాఁ దెలివి వచ్చెను. తమ్ముఁడు లేక తల్లులకేమని చెప్పుదునని విలపించి, వాల్మీకి 49వ సర్గమున నాతఁడు సుగ్రీవుని మరలి పొమ్మనును. అంగదుని ముందిడుకొని సేనతో సముద్రము దాఁటుమనియు, మిత్రులు చేయఁదగినది చేసితిరనియు, ఎల్లరును యథేచ్ఛముగాఁ బోవచ్చుననియు మూలభావము. ఇది ధీరోదాత్తునకుఁ దగని కార్పణ్యమని కొందఱు, మానుషభావానుకరణమని కొందఱు చెప్పుదురు. మొదటివారు పదమును జూడలేదు. రెండవవారు చూడవలసిన యక్కఱయే లేకుండఁ జేసికొనిరి.

వాల్మీకి యీ యనుమతివాక్యములకు మొదటను దుదను అర్హధాతువును దుమున్నంతముతోఁ గూర్చినాఁడు. నడుమ సముద్రతరణమును జెప్పునపుడు లోట్టు వాడినాఁడు. లోట్టు కనఁబడఁగనే యాజ్ఞ యనుకొనుట బడిపిల్లల యలవాటు. పాణిని తృతీయాధ్యాయ తృతీయపాదమున ప్రైషాతిసర్గప్రాప్తకాలములయందుఁ గృత్యప్రత్యయములను విధించుచుఁ జకారముచే లోట్టునుగూడ గ్రహించినాఁడు. ప్రైష మాజ్ఞ, అతిసర్గము కామచారమున కనుజ్ఞ. ముందు వెనుకల నర్హధాతు వుండఁగా నడిమి లోట్టునకుఁ బ్రైషార్థము చెప్పుట ప్రకరణవిరుద్ధము. రాముఁడు సేనను మరలింపలేదు, వారి ఋణమును దించినాఁడు. తాను దమ్ముని వెంట యమసదనమునకుఁ బోవుదు ననెనే కాని యయోధ్యకుఁ బోవుదు ననలేదు. ఒక్క ఋణము మాత్రము తన్ను దహించునని యాతఁడే చెప్పుకొనును: విభీషణుని రాజును జేయకపోవుట.

హోమరు ఇలియడు రెండవసర్గమునఁ దొమ్మిదేండ్ల పోరు గడచినపిదప ఆగమెమ్నను ఇండ్లకుఁ బోవుదమని సేనతోఁ బలుకును. అది సేన మనసు నరయఁ బలికిన మాయమాట. వారు నిజముగనే యోడలకుఁ బరుగెత్తఁగా, ఒడిస్సియసు దండముతో మోఁది మరలింపవలసి వచ్చెను. రాముని మాటలోఁ బరీక్ష లేదు. వానరులకు నిలు కోరిక లేకపోలేదందురేమో! కుంభకర్ణునిఁ జూచి పాఱినపుడు ప్రాణము తీపియని వారే యంగదునితో ననిరి. 1914లో సూయెజు కాలువకుఁ బోయిన నిజాము సంస్థానపు టశ్వదళము 1918లోను పాలస్తీనాలోనే యుండెను. ఈ కలహ మెవరిదని లోలోఁ దలఁచిన రౌతున కట్టి యనుజ్ఞ నిచ్చువాఁ డెవఁడు?

50వ సర్గమున సుగ్రీవుఁడు, అన్నదమ్ములను వానరవీరులతోఁ గిష్కింధకుఁ గొనిపొమ్మని సుషేణునకుఁ జెప్పి, తాను రావణునిఁ జంపి సీతను దెత్తుననును. దీనిని రామవాక్యధిక్కారముగా నెన్నుట పొరపాటు. అనుజ్ఞ నందినవాఁడు నిలిచిన నది యాతని యిచ్ఛ. అతిసర్గమున కర్థ మదియే. ఆజ్ఞ యయినచో ధిక్కారదోషము తప్పదు.

అయిన నీ యనుజ్ఞ యందఱకును జాలినది కాదు. వానరులకుఁ గిష్కింధ కలదు. విభీషణుఁ డన్నను విడిచి వచ్చినవాఁడు. లంకయే యాతని యిల్లు, లంకయే శత్రుపురము. పరసేన మరలిపోయినచో నాతని కేది దారి? బ్రతికియుండియుఁ జచ్చినవాఁడ నైతినని యాతఁ డేడ్చుట కార్పణ్యము కాదు. సుగ్రీవుఁడు సుషేణునివైపుఁ దిరుగుటకు ముందే విభీషణునిఁ గౌఁగిలించుకొని, లంకారాజ్యము నీకు దక్కునని యూఱడించెను. తెలిఁగించువారు సంక్షేపమునకై యీ క్రమమును దాఱుమాఱు చేయుట గలదు.