చేతిపని పునాది మీద చోళమండలం

చిత్రకారులు కలిసి సంఘం పెట్టుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. మొదటి ఏడు ప్రదర్శన ఘనంగా జరుగుతుంది, మంత్రిగారో కలెక్టరుగారో దీపం వెలిగిస్తారు, పత్రికలో ఫొటో పడుతుంది. మూడో ఏటికి హాలు అద్దె బాకీ పడుతుంది. అయిదో ఏటికి సంఘానికి ఇద్దరు అధ్యక్షులు తేలతారు. ఇలా చెదిరిపోయిన సంఘాల్లో మంచి బొమ్మలు వేసేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఎవరి బొమ్మ గుమ్మానికి ఎదురుగా పెట్టాలి అన్న దగ్గరే బండి ఆగిపోతుంది. చెన్నైకి దక్షిణాన, ఇంజంబాక్కంలో 1966 నుంచి నిలిచి ఉన్న చోళమండలం కళాకారుల గ్రామాన్ని అందుకే శిల్పాన్ని చూసినంత శ్రద్ధగా చూడాలనిపిస్తుంది. అక్కడి బొమ్మల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ఏర్పాటును కూర్చిన తీరులో ఉన్న పనితనం మీద పడిన వెలుగు మాత్రం తక్కువ.

ఆ కథ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో మొదలవుతుంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు పెట్టిన బడి అది. మొదట్లో దాని ధ్యేయం చిత్రకారుల్ని తయారుచేయడం కన్నా వృత్తిపనివాళ్లను తీర్చిదిద్దడమే. లోహం, మట్టి, బట్ట, చెక్క అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. 1930 ప్రాంతంలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి ప్రిన్సిపాలుగా వచ్చాక చిత్రానికీ శిల్పానికీ పెద్దపీట పడింది. మెరీనా బీచిలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల విగ్రహం ఆయనదే. 1957లో ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవారు కె.సి.ఎస్. పణిక్కర్. కోయంబత్తూరులో పుట్టిన మలయాళీ, రాయ్ చౌదరి శిష్యుడు. 1944లోనే ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ పెట్టి సంఘం నడపడంలోని చిక్కులన్నీ రుచి చూసినవారు.

ఆయన ముందున్న సమస్య సూటిగానే ఉంది. ఆరేళ్లు చదివి డిప్లొమా చేతబట్టుకుని బయటకొచ్చిన కుర్రాడు ఏం తినాలి? బొంబాయిలో 1952 నుంచి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, కొనే షావుకార్లు ఉన్నారు. ఢిల్లీలో లలితకళా అకాడమీ ఉంది, రాయబార కార్యాలయాలు ఉన్నాయి. మద్రాసులో సంగీతానికి సభలున్నాయి, సినిమాకు స్టూడియోలున్నాయి. కొత్త తరహా చిత్రాన్ని డబ్బిచ్చి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. డ్రాయింగు మాస్టరుగానో, ప్రకటనల కంపెనీలోనో, సినిమా కళా విభాగంలోనో చేరితే కడుపు నిండుతుంది. కుంచె మాత్రం ఆదివారాలకే మిగులుతుంది.

ఇలాంటి చోట మామూలుగా తోచే దారులు రెండు: ప్రభుత్వ గ్రాంటుకు అర్జీ పెట్టుకోవడం, లేదంటే సభ్యుల నుంచి నెలనెలా చందా వసూలు చేయడం. పణిక్కర్ బృందం రెండింటినీ పక్కన పెట్టింది. 1960ల నడుమ ఆర్టిస్ట్స్ హ్యాండీక్రాఫ్ట్స్ అసోసియేషన్ అనే సంఘం కట్టి, చదువుకున్న చిత్రకారుల చేత బాటిక్ బట్టలు చేయించింది. చిత్రం కొనడానికి జంకే ఇల్లాలు బాటిక్ తెరనో గోడకు తగిలించే గుడ్డనో కొనడానికి వెనకాడదు. అవి బాగా అమ్ముడయ్యాయి. ఆ డబ్బే సముద్రపు ఒడ్డున దాదాపు పదెకరాల ఇసుకనేలగా మారింది.

బాటిక్‌నే ఎంచుకోవడంలో ఎంత ముందుచూపు ఉందో ఆ పని నడిచే తీరు చూస్తేనే తెలుస్తుంది. తేనెమైనం, పారఫిన్ కలిపి కరిగిస్తారు. వేడి తగ్గకముందే కుంచెతో బట్ట మీద గీయాలి. మైనం చల్లారితే బట్ట పైపైనే పేరుకుంటుంది, లోపలికి దిగదు. మరీ కాగితే గీత అంచు దాటి పాకుతుంది. మైనం పట్టిన చోటికి రంగు ఎక్కదు. ఒక రంగులో ముంచి ఆరబెట్టి, ఆ రంగు నిలవాల్సిన మేర మళ్లీ మైనం పూసి, అంతకన్నా ముదురు తొట్టిలో ముంచాలి. లేత నుంచి ముదురుకే నడక, వెనక్కి రావడం కుదరదు. పారఫిన్ పాలు పెరిగితే బట్ట మడిచినప్పుడు మైనం పగుళ్లిచ్చి, ఆ సందుల్లో రంగు నరాల్లా పాకుతుంది. తేనెమైనం పాలు పెరిగితే గీత నున్నగా, పగుళ్లు లేకుండా నిలుస్తుంది. చివర మరిగే నీళ్లలో మైనం కరిగించి తీసేస్తే తప్ప ఏం వేశామో వేసినవాడికే పూర్తిగా కనపడదు. ఇది బొమ్మ వేసేవాడి బుర్రకు పని పెట్టే వృత్తి. ఏ రంగు ముందు, ఏది తర్వాత అని వెనక నుంచి ముందుకు ఆలోచించాలి. పొద్దంతా ఇది చేసిన చెయ్యి సాయంత్రం కాన్వాసు దగ్గరకు మొద్దుబారి రాదు, పదునెక్కి వస్తుంది. కూలికి కూలీ, సాధనకు సాధన.

పైగా ఈ తీరానికి మైనం కొత్తేమీ కాదు. టాగోర్ 1927లో జావా వెళ్లొచ్చాక శాంతినికేతన్‌లో బాటిక్ వేళ్లూనింది నిజమే. అంతకు ముందు కొన్ని వందల ఏళ్ల నుంచే మచిలీపట్నం వైపు కలంకారీ పనివాళ్లు నీలిమందు తొట్టిలో ముంచే ముందు, నీలం అంటకూడని మేరంతా మైనం పూసి కాపాడేవాళ్లు. కోరమాండల్ అద్దకాలుగా ఐరోపా గుమ్మాలు తొక్కిన బట్టల్లోని నీలం అలా నిలబడిందే. చోళమండలం కుర్రాళ్లు తెలిసి చేసినా తెలియక చేసినా పాత తొట్టి దగ్గరకే వచ్చి నిలుచున్నారు.

ఇక్కడ కాస్త దూరం వెళ్లి ఇంకో సహకార గ్యాలరీని చూడాలి, పోలిస్తే తేడా తెలుస్తుంది. 1972లో న్యూయార్క్ సోహోలో ఇరవైమంది స్త్రీలు కలిసి ఎ.ఐ.ఆర్. గ్యాలరీ తెరిచారు. గ్యాలరీలు చాలావరకు మగవాళ్ల బొమ్మలకే గోడలిస్తున్న రోజులవి. తామే గోడలు గీకి, సున్నం వేసి, సభ్యత్వపు రుసుములు వేసుకుని, పనులు పంచుకుని నడిపారు. ఇప్పటికీ బ్రూక్లిన్‌లో నడుస్తోంది. చాలా గట్టి పని అది. కానీ ఆ పద్ధతిలో రుసుము కట్టగలిగిన స్థోమత ముందే ఉండాలి. మద్రాసు కుర్రాళ్లకు అదే లేదు. వాళ్ల దగ్గరున్నది నైపుణ్యం ఒక్కటే. అందుకని సంఘం వాళ్ల జేబు జోలికి పోకుండా చేతిని చందాగా అడిగింది. సహకార గ్యాలరీల చరిత్రలో ఇంత తెలివైన మెలిక ఇంకోటి నాకు కనపడలేదు.

స్థలం కొన్నాక చేసిన పంపకమూ అంత జాగ్రత్తగానే సాగింది. ఎవరి ఇల్లు వాళ్లదే. కట్టుకోవడం, ఖర్చు, పాట్లు అన్నీ వాళ్లవే. గ్యాలరీ, పనిచేసుకునే షెడ్లు, ఆరుబయట రంగస్థలం మాత్రం అందరివీ. అప్పటికి ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఇప్పటి రూపంలో లేదు. సరుగుడు తోటలు, ఇసుక, దూరంగా చేపలవాళ్ల గుడిసెలు. మొదట వచ్చినవాళ్లు పాకలు వేసుకుని ఉన్నారు. 1967లో ఉద్యోగం నుంచి దిగాక పణిక్కర్ కూడా తన శిష్యుల మధ్యకే వచ్చి పనిచేసుకున్నారు. ఆయన కన్నుమూసిన 1977 దాకా ఊరికి పెద్దదిక్కు ఆయనే. కమ్యూన్ పెడతామని ఉమ్మడి వంటిల్లు మొదలుపెట్టిన చాలా ఊళ్లు పప్పులో ఉప్పు దగ్గర చీలిపోయాయి. వీళ్లు బతుకును ఉమ్మడి చేయలేదు, సంతను ఉమ్మడి చేసుకున్నారు. సమష్టి ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో గీసిన ఆ గీతే ఊరికి ప్రాణం పోసిందని నా నమ్మకం.

గ్యాలరీ లెక్క కూడా అలాంటిదే. బయట ప్రైవేటు గ్యాలరీలు అమ్మకంలో మూడోవంతు నుంచి సగం దాకా ఉంచుకోవడం మామూలు. సంఘం గ్యాలరీలో అమ్మితే కళాకారుడి వాటా పెద్దది; సంఘానికి చేరే భాగం మళ్లీ ఊరి నిర్వహణకే వెళుతుంది. చెప్పడానికి తేలికే, నడపడానికే ఓపిక కావాలి. ఇలాంటి గ్యాలరీ ఎక్కడున్నా దాని రోజువారీ పని ఎవరి కంటా పడదు. బొమ్మ నడిమి భాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా మేకు కొట్టాలి. పక్కపక్కన పెట్టిన రెండు బొమ్మలు ఒకదాన్నొకటి మింగకుండా చూడాలి. ఉప్పుగాలికి ఫ్రేముల వెనక మేకులు తుప్పు పడతాయి, కాగితం మీద బూజు పడుతుంది. సముద్రపు ఒడ్డున ఇది తీరని బెడద. ఈ పనులకు జీతగాళ్లు దొరికినా, వాటి మీద కన్నేసి ఉండేవాడు తన బొమ్మ పక్కన పెట్టి ఎదుటివాడి బొమ్మ గురించి ఆలోచించేవాడై ఉండాలి. అలాంటివాడికి ఏ పురస్కారమూ రాదు.

ఇక లోహం దగ్గరకు రావాలి, చోళమండలం పనితనం కళ్లకు కట్టేది అక్కడే. పి.వి. జానకిరామ్ రాగి రేకును తీసుకుని సుత్తితో సాగగొట్టి, కత్తిరించి, వంచి, మీద సన్నటి తీగల్ని మాటు వేసి ముఖాలు తీర్చేవారు. గుళ్లో మూలవిరాట్టుకు తొడిగే లోహపు కవచం ఆయన దారి. పోతవిగ్రహానికి నలువైపులా ఒళ్లుంటుంది. కవచానికి ఎదురు మాత్రమే ఉంటుంది, దాని శోభ అంతా ఉపరితలం మీద. చదునైన రేకుకు కండ ఎలా వస్తుందంటే, తీగ వేసే గీత వల్లా, రేకు అంచు విసిరే నీడ వల్లా. పణిక్కర్ కొడుకు ఎస్. నందగోపాల్ అదే దారిలో రాగి, ఇత్తడి కలిపి అతికి, పైన ఎనామెల్ రంగులు కాల్చి ఎక్కించి, ఒక్కో చోట వెండి పూత పూసి, పురాణ ప్రతిమల్ని ఆకాశం మీద గీసిన గీతల్లా నిలబెట్టారు. వృత్తికీ కళకూ మధ్య ఉన్న గోడను ఆర్ట్స్ స్కూలు పాఠాలు కూల్చలేకపోయాయి, పొట్టకూటి కోసం చేసిన చేతిపని కూల్చేసింది. ఎస్.జి. వాసుదేవ్ రాగి మీద ఉబ్బెత్తు చిత్రాలు చేశారన్నా దాని వెనక ఈ అలవాటే ఉంది. 1950ల్లో మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ బడిలో బొమ్మలు నేర్పి, ఢిల్లీ లలితకళా అకాడమీలో పనిచేసి, ఆ తర్వాత ఇక్కడికి చేరిన జె. సుల్తాన్ అలీ ఆదివాసీ ముఖాలను, లిపి లాంటి గీతలను ఒకే చిత్రంలో ఇముడ్చుకున్నారు. పణిక్కర్ చివరి దశలో వేసిన అక్షరాలూ సంకేతాల చిత్రాల్లోనూ జాతకచక్రం పక్కన లెక్కల గుర్తులు, వాటి పక్కన చదవడానికి కుదరని మలయాళపు పంక్తులు కనపడతాయి.

ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉన్నా అందులో ఏది ఇమడదో కూడా చెప్పాలి. కె. రామానుజం సిరా గీతలతో ఎగిరే మృగాలను, మేడలను, టోపీ పెట్టుకున్న తన బొమ్మనే కలలో లాగా వేసేవాడు. బయటి లోకంతో ఇమడలేని మనిషికి చోళమండలం చోటిచ్చింది, తోటివాళ్లు కనిపెట్టి ఉన్నారు. అయినా 1973లో, ముప్పై దాటిన కొద్దికాలానికే తన ప్రాణం తానే తీసుకున్నాడు. సంఘం రొట్టెకూ గోడకూ పూచీ పడగలదు, అంతకు మించి పడలేదు. ఆడవాళ్ల విషయమూ అంతే: చిత్రకారిణి అర్నవాజ్ వంటివాళ్లు ఒకరిద్దరు తప్ప ఆ తొలి బృందం నిండా మగవాళ్లే. పదెకరాలకు ఇసుక ధర ఉన్నప్పుడు కొన్న ఊరు ఇప్పుడు చెన్నైలో కోట్లు పలికే దారి మీద ఉంది. ఇవాళ చదువు ముగించి వచ్చే కుర్రాడు అదే లెక్క మళ్లీ వేసి అలాంటి ఊరు కట్టలేడు. ఈ నమూనాను మన దగ్గరా పెట్టవచ్చు అని ఊగిపోయేవాళ్లు ముందు నేల రేటు అడిగి రావాలి. సంత ఉమ్మడిగా ఉంచుకోవడానికి నేలే అక్కర్లేదు కదా అనేవాళ్లతో మాత్రం నాకు పేచీ లేదు.

2009లో అదే ఆవరణలో సమకాలీన కళా కేంద్రం తెరుచుకుంది. పణిక్కర్, ఆయన శిష్యుల తరంతో ముడిపడ్డ మద్రాసు కళా ఉద్యమం నాటి చిత్రాలకు, శిల్పాలకు ఒక మ్యూజియం, బయటి కళాకారులకు అద్దెకిచ్చే గ్యాలరీలు, ఆరుబయట రాతిశిల్పాల తోట అందులో భాగం. ఏళ్ల తరబడి సంఘం కార్యదర్శిగా ఉండి దీని భారం మోసిన నందగోపాల్ 2017లో పోయారు. తమ తరాన్ని తామే భద్రపరచుకోవడం గొప్పకు చేసిన పనిలా కనపడవచ్చు. కానీ మద్రాసు చిత్రకారుల్ని వరసగా, ఒకచోట చూపే ప్రయత్నం మరొకరు చేసి ఉంటే వీళ్లు ఆ మోత మోయాల్సిన పని ఉండేది కాదు.

మహాబలిపురం వెళ్లే దారిలో అక్కడ దిగేవాళ్లకు నాదో చిన్న సలహా. రేకు శిల్పాల్ని ఎదురుగా చూశాక, వీలున్న చోట వెనక్కి వెళ్లి చూడండి. ముందువైపు ఏ నగిషీ లేకుండా వదిలేసిన చోటుకు వెనక ఏ పట్టీ అతికారో, బరువు ఏ రెండు మాట్ల మీద నిలిచిందో, సుత్తి దెబ్బలు ఎక్కడ దగ్గరదగ్గరగా పడి ఎక్కడ దూరమయ్యాయో అక్కడే తెలుస్తుంది.