పింఛను నిలబెట్టిన వడ్రంగం

వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక, 2024 ఆగస్టు 1కి చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెన లేచింది. కట్టింది మద్రాస్ ఇంజినీర్ గ్రూపు జవాన్లు. టీవీలో ఆ వార్త వస్తున్నంతసేపూ మా ఊరి వడ్రంగి మావయ్య నిలబడే చూశాడు. ఆయన ఆ గ్రూపులోనే కార్పెంటరుగా చేసి రిటైరయ్యాడు. "ఒక్కో ప్యానెలు పదడుగులుంటుంది అబ్బాయ్. ఆరుగురం పడితే గాని లేవదు. ఒకడి అడుగు తడబడితే మిగతా అయిదుగురి కాళ్లూ పోతాయి" అన్నాడు.

ఆగస్టు పదిహేనుకి మా బళ్లో జెండా ఆయన చేతే ఎగరేయిస్తారు. చాలా మంచి పని. కానీ తండ్రి దగ్గర నేర్చుకున్న రోజులూ, తిరిగొచ్చాక కొట్టంలో గడిపినవీ కలిపితే ఆయన బాడిస పట్టిన కాలమే యూనిఫాం వేసుకున్న కాలం కన్నా ఎక్కువ. ఆ పనికి ఒక్కరూ దండ వేయలేదు. అది నాకు బాధగా ఉంటుంది.

ఆయన బండి చక్రం చేస్తుంటే చూడాలి. నల్లతుమ్మ దుంగని నెలల తరబడి చెరువు నీళ్లలో నాననిచ్చి, తీసి నీడన ఆరబెడతాడు. తొందరపడి ఎండలో వేస్తే చీలిపోతుంది. నడుమ కుండ, దానికి పన్నెండు ఆకులు, వాటి చుట్టూ ఆరు పూటీలు. ఆకు కుండలోకి దిగే కన్నం దగ్గర వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడు. మరీ బిగువైతే కుండ పగులుతుంది, వదులైతే నాలుగు బస్తాలు వేయగానే కిర్రుమంటుంది. ఆఖర్న ఇనప పట్టా. దాన్ని చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువగా చేయించి, పిడకల మంటలో కాల్చి, పట్టకార్లతో తెచ్చి తొడిగి, పూటీలు అంటుకునేలోపే నీళ్లు గుమ్మరిస్తారు. గుప్పున ఆవిరి. ఇనుము ముడుచుకుంటుంటే పూటీల సందులు టకటకా మూసుకుంటాయి. ఆ చప్పుడు వినే ఆయన చక్రం కుదిరిందో లేదో చెప్పేస్తాడు.

ఒకప్పుడు కల్లం దగ్గర వడ్రంగికి మేర కొలిచేవారు. ఏడాది పొడుగునా నాగలీ కాడీ బాగుచేసినందుకు అది ఆయన వాటా. ట్రాక్టర్లొచ్చి మేర పోయింది. మావయ్య తమ్ముళ్లు ప్లైవుడ్ అల్మరాల పనికి బెంగళూరు వెళ్లిపోయారు. వాళ్లేమీ పనితనంలో తీసిపోయినవాళ్లు కారు. ఈయనకి నెలనెలా మిలటరీ పింఛను పడుతుంది, వాళ్లకి పడదు, అంతే. అదుంది కాబట్టే "పచ్చి కర్రతో ద్వారబంధం చెయ్యను, ముహూర్తం మార్చుకోండి" అని మొహం మీదే చెప్పగలడు. మా ఊళ్లో వడ్రంగం మిగిలిందంటే అది సైన్యం చలవే.

అత్తయ్య చలవ కూడా. ఆయన సరిహద్దుల్లో ఉన్నన్నాళ్లూ ఉలులకీ రంపాలకీ ఆముదం రాసి, గుడ్డ చుట్టి కాపాడింది. ఇద్దరాడపిల్లల్ని ఒంటిచేత్తో చదివించింది. ఇవాళ్టికీ పెద్ద రంపంతో కోత పడితే అవతలి పిడి ఆవిడే పట్టుకుంటుంది. పెద్దపిల్ల పుట్టినప్పుడు సెలవు మీద వచ్చి ఆయన చేసిన టేకు ఉయ్యాల ఆ ఇంట్లో ఉండదు. ఊళ్లో ఎవరింట పురుడొస్తే అక్కడికి వెళ్తుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులకి చోటిచ్చారు, వడ్రంగం సహా. పనిముట్లకి 15 వేల రూపాయల దాకా ఇస్తారు, తక్కువ వడ్డీకి అప్పూ ఉంది. కుర్రాళ్లకి అక్కరకొచ్చేదే. మావయ్యతో ఈ మాట అంటే, "ఉలులున్నాయిరా, కర్రేదీ?" అన్నాడు. చెరువుగట్టు తుమ్మలు వేలం వేస్తే లారీ కాంట్రాక్టరు మొత్తం కొట్టుకుపోతున్నాడు. ఆ దుంగల్లో ముందు పాట ఊరి వడ్రంగిదని పంచాయతీ ఒక్క తీర్మానం చేస్తే చాలు. ఈసారి వేలానికి ముందే గ్రామసభలో ఎవరో ఒకరు లేచి అడగాలి. నేను అడుగుతాను.