పై ముక్కను తిప్పే తీరు

పేకముక్కలతో ఇంద్రజాలం నేర్చుకోబోయే వ్యక్తి మొట్టమొదట గమనించవలసిన విషయం, ఏ మాయా చేయనప్పుడు తన చేయి కట్టలోని పై ముక్కను ఎలా తిప్పుతుందన్నది. ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర సమాధానం ఉండదు; ఒకసారి బొటనవేలితో పక్కకు జరిపి తిప్పుతారు, ఇంకొకసారి మూల పట్టుకుని ఎత్తుతారు, మరొకసారి మొత్తం కట్టనే వంచి చూపుతారు. ఈ తీరు కుదుటపడేదాకా డబుల్ లిఫ్ట్ అనే ప్రాథమిక విద్య పట్టుబడదు. రెండు ముక్కలను అంచులు కలిపి ఒకే ముక్కగా తిప్పి చూపడాన్ని డబుల్ లిఫ్ట్ అంటారు. కనిపించిన ఆటీను రాణి పై ముక్కే అని ప్రేక్షకుడు నమ్ముతాడు గాని, నిజానికి అది రెండవది. జంటను బోర్లించి పై దాన్ని బల్ల మీద పెట్టేసరికి అక్కడ ఉన్నది వేరే ముక్క. రెండింటి అంచులు కలపడం కొన్ని వారాల సాధనతో అలవడుతుంది. ఒక్క ముక్కను తిప్పినప్పుడూ, రెంటిని తిప్పినప్పుడూ చేతి బరువు, వేగం, వేళ్ల అమరిక తేడా లేకుండా ఉండేటట్లు చూసుకోవడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. అంటే సాధకుడు తన దొంగ కదలికకు మెరుగులు దిద్దుకోవడం కన్నా ముందు, నిజాయితీగా చేసే పనిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.

ఈ విద్య గురించి అమెరికాలోని ఎడిసన్ పట్టణంలో ఆలోచించేవారికి, ఆ ఊరి పేరే ఒక మంచి ఉదాహరణను అందిస్తుంది. న్యూజెర్సీలోని ఈ టౌన్‌షిప్ 1954 దాకా రారిటన్ అనే పేరుతో ఉండేది. దాని పరిధిలోని మెన్లో పార్కులో 1876లో ప్రయోగశాల నెలకొల్పి, మరుసటి సంవత్సరం ఫోనోగ్రాఫును, 1879లో ఆచరణకు పనికివచ్చే విద్యుద్దీపాన్ని రూపొందించిన థామస్ ఆల్వా ఎడిసన్ గౌరవార్థం పేరు మార్చుకుంది. పత్రికలు ఆయనను మెన్లో పార్కు మాంత్రికుడని పిలిచేవి. ఆ మాంత్రికుడే వెస్ట్ ఆరెంజ్‌కు మకాం మార్చిన తరువాతి కాలంలో, బర్ట్ రీస్ అనే వృత్తి ప్రదర్శకుని చేతి నైపుణ్యాన్ని అతీంద్రియ శక్తిగా నమ్మాడు. వచ్చినవారు కాగితపు ముక్కల మీద ప్రశ్నలు రాసి మడిచిపెడితే, వాటిని విప్పి చూడకుండానే చదివినట్లు జవాబు చెప్పడం రీస్ ప్రత్యేకత. ఎడిసన్ వేరే చోటికి వెళ్లి, క్షార బ్యాటరీకి నికెల్ హైడ్రాక్సైడ్ కన్నా మేలైన పదార్థం ఏదైనా ఉందా అని రాసుకుని వచ్చాడు. అంతకన్నా మేలైనది లేదని రీస్ చెప్పాడు. తన బ్యాటరీ గురించి ఏళ్ల తరబడి మథనపడుతున్న శాస్త్రవేత్తకు ఆ జవాబు ఎంత బలంగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. రీస్‌ను అనుమానించినవారికి ఎదురుగా నిలిచి ఆయన తరఫున ఎడిసన్ బహిరంగంగా మాట్లాడాడు కూడా.

ఇటువంటి ప్రదర్శనల్లో జరిగేది స్థూలంగా ఒక్కటే. ప్రశ్న రాసిన మడతను తాకిన క్షణంలో, వేళ్ల మధ్య ముందుగా దాచుకున్న ఖాళీ మడతను దాని స్థానంలో ఉంచి, అసలు కాగితాన్ని చేతిలో దాచుకుని, ఎవరూ పట్టించుకోని సమయంలో ఒడిలో విప్పి చదువుకోవడం. అరచేతిలో పేకముక్కను దాచడానికీ దీనికీ పరిమాణంలోనే తేడా. రీస్ ముందు కూర్చున్న ఇంద్రజాలికుడు హ్యారీ హూడినీ తాను ఆ మార్పిడిని పట్టుకున్నానని తరువాత రాసుకున్నాడు. ఎడిసన్ తెలివితక్కువవాడని దీనినుంచి తేల్చడం తొందరపాటు. ప్రయోగశాలలో జీవితం గడిపినవాడు పదార్థాలతో వ్యవహరిస్తాడు. నికెల్ లొంగకపోవచ్చు, పాడైపోవచ్చు, కాని ప్రయోగం చేసేవాడిని ఏమరచడానికి ఎదురుచూడదు. అందువల్ల తన కళ్లతో గట్టిగా గమనించానన్న నమ్మకమే అతనికి ప్రమాదకరమైంది. ఎడిసన్ వింతైన శక్తి కోసం వెతుకుతూ ఉండగా, హూడినీ వేళ్లను చూశాడు.

అయితే వేళ్లను చూడటం తెలిసినవాడు కూడా ఒడ్డున పడ్డట్టు కాదు. ఏ విద్యనైనా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పగలనని చాటుకునే హూడినీకి 1922లో షికాగోలో డై వెర్నన్ అనే కెనడా యువకుడు ఒక ముక్కను ఎంపిక చేయించి, దానిమీద గుర్తు పెట్టించి, కట్టలో పై నుంచి రెండో స్థానంలోకి దూర్చి, మళ్లీ పై ముక్కగా తిప్పి చూపాడు. హూడినీ పదేపదే చూశాడు గాని కిటుకు చెప్పలేకపోయాడు. అప్పటికి అంతగా ప్రచారంలో లేని డబుల్ లిఫ్టే ఆ ప్రదర్శనకు ఆధారమని ఇంద్రజాలికులు సాధారణంగా చెబుతారు. ఆ తరువాత దీర్ఘకాలం జీవించిన వెర్నన్, తన శిష్యులకు నూరిపోసిన సూత్రం సహజత్వం: చేయి ఏ పనిచేసినా ఆ పనికి కారణం పైకి కనిపించాలి. లోపలికి తోసిన ముక్క పైకి వచ్చిందనుకునే ప్రేక్షకుడు, ముక్కను లోపల పెట్టిన కదలికను గుచ్చిగుచ్చి చూస్తాడు. మాయ అంతకు ముందే, అతను చూడవలసిన అవసరం లేదనుకున్న చోట పూర్తయి ఉంటుంది.

ఎడిసన్‌లోని తెలుగు ఇళ్లకు పేక కొత్తేమీ కాదు. ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల ఇళ్ల బేస్‌మెంట్లలో వారాంతపు భోజనాల తరువాత రమ్మీ బల్ల పరుచుకుంటుంది. రెండు కట్టలు, జోకర్లు, చేతిలో పదమూడు ముక్కలు. సాధకునికి ఈ అలవాటు సగం వరం, సగం శాపం. ముక్కలు చేతికి పరిచయమై ఉంటాయి, కాని రమ్మీలో వేళ్లు విసనకర్రలా ముక్కలు పట్టడానికే అలవాటుపడతాయి. కట్టను ఎడమ అరచేతిలో అమర్చి, చూపుడువేలు ముందు అంచున, తక్కిన మూడు వేళ్లు పక్క అంచున, బొటనవేలు ఎదుటి అంచున ఉండే పంపక పట్టుకు కాదు. ఈ పట్టు నుంచే బ్రేక్ పుడుతుంది. బ్రేక్ అంటే చిటికెన వేలి కండతో కట్ట మధ్యలో నిలిపి ఉంచే సన్నని ఎడం. ముందునుంచి చూసేవారికి కట్ట మూసుకున్నట్లే ఉంటుంది, పట్టుకున్నవారికి మాత్రం కావలసిన ముక్క ఎక్కడుందో తెలుస్తూ ఉంటుంది. చిటికెన వేలు మరీ లోపలికి చొచ్చుకుపోవడం కొత్తవారందరిలోనూ కనిపించే లోపం.

రమ్మీ బల్ల మీద ముక్కలు కలిపే పద్ధతి ఇంకో పాఠం చెబుతుంది. కుడిచేతిలోని కట్ట నుంచి గుత్తులు గుత్తులుగా ఎడమచేతిలోకి జారవిడిచే ఈ పద్ధతిని ఓవర్‌హ్యాండ్ అంటారు. చూడటానికి చాలా కలిసినట్లు అనిపించినా, ప్రతి గుత్తిలోని వరుస చెక్కుచెదరదు. కలపడం మీద గణితపరమైన ఒక ముఖ్య పరిశోధన జరిగిన చోటు ఎడిసన్‌కు దగ్గరలోని మర్రీ హిల్ అన్నది చాలామందికి తెలియదు. అక్కడి బెల్ ల్యాబ్స్‌లో ఎడ్గర్ గిల్బర్ట్ 1955లో దీనిపై ఒక పత్రం రాశాడు. కట్టను రెండుగా చీల్చి మూలలు ఒకదానిలోకి ఒకటి అల్లేటట్లు వదిలే రిఫిల్ పద్ధతికి ఆయన, క్లాడ్ షానన్ ఏర్పరచిన నమూనాను ఆధారం చేసుకునే, డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ 1992లో 52 ముక్కల కట్టకు ఏడుసార్లు కలపడం అవసరమని తేల్చారు. ఓవర్‌హ్యాండ్ పద్ధతిలో అదే ఫలితానికి వేలసార్లు కలపాలి. డయకోనిస్ పద్నాలుగేళ్ల వయసులో ఇల్లు విడిచి, ఇంతకుముందు పేర్కొన్న వెర్నన్ వెంట తిరిగిన ఇంద్రజాలికుడే కావడం విశేషం.

ఓవర్‌హ్యాండ్ ఇంత బలహీనమైనది కాబట్టే సాధకుడికి అంత ఉపయోగపడుతుంది. జీన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రావ్ రాసిన ‘ద రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్’ అనే పాఠ్యగ్రంథం మొదటి అధ్యాయమే దీనిమీద ఉంటుంది. ప్రేక్షకుడు ఎంచుకున్న ముక్క పైన పడగానే, తరువాతి ఒక్క ముక్కను కాస్త తనవైపు వెలికి వచ్చేటట్లు వదిలి, మిగతావాటిని దాని మీద పోస్తే, ఆ పొడుచుకువచ్చిన అంచు గుర్తుగా నిలుస్తుంది. దీనిని ఇన్‌జాగ్ అంటారు. బొటనవేలు అక్కడ ఆగి కట్టను విడదీస్తే, కలిపినట్లు కనిపించిన ముక్క మళ్లీ పైకి చేరుకుంటుంది. ఈ పని చేతనవగానే కొందరికి రమ్మీలో పంచే పని ఎవరూ అప్పగించరన్నది వేరే సంగతి.

ముక్కల సరుకు కూడా విద్యలో భాగమే. 1885లో మొదలైన బైసికిల్ బ్రాండు ముక్కల వెనుక బొమ్మ చుట్టూ తెల్లని అంచు ఉండటం వల్ల, కట్టలో తలకిందులుగా ఉన్న ముక్క అంచు కాస్త బయటపడినా తెలుపులో తెలుపు కలిసిపోతుంది. పూర్తి ప్లాస్టిక్ ముక్కలు జారుడు ఎక్కువై జంటగా నిలవవు. తెలంగాణలోని నిర్మల్‌లో చిత్రకారులు రంగులు వేసిన గుండ్రని గంజీఫా ముక్కలను చూస్తే, మూలలే లేని ఆ లక్క పూతల బిళ్లలతో పై విద్యల్లో ఏది సాధ్యమయ్యేదోనన్న ఆలోచన రాకమానదు. బైసికిల్ కట్టలు ఎడిసన్‌లోని ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతాయి. పుస్తకాలు, నేర్పరుల సహవాసం కావాలంటే మెట్రోపార్కు స్టేషన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, 1925 నుంచి నడుస్తున్న, 34వ వీధిలోని టానెన్స్ ఇంద్రజాల దుకాణానికి నడిచి వెళ్లవచ్చు.

వాత్స్యాయనుని అరవైనాలుగు కళల జాబితాలో ఇంద్రజాలమూ, హస్తలాఘవమూ వేరువేరు కళలుగా కనిపించడంలో మంచి వివేకం ఉంది. బి.వి. పట్టాభిరామ్ వంటివారి ద్వారా తెలుగువారు ఎక్కువగా ఎరిగినది వేదిక మీది ఇంద్రజాలం. అక్కడ దీపాలు, దూరం, ప్రేక్షకులంతా ఒకే దిక్కున ఉండటం ప్రదర్శకునికి తోడుంటాయి. అద్దం ముందు సాధన చేసేవారు తెలియకుండానే ఈ వేదిక పరిస్థితినే ఇంట్లో కల్పించుకుంటారు. అద్దం ఒక్క కోణమే చూపుతుంది. పైగా రహస్య క్షణంలో తమకు తామే రెప్ప వేసుకునే అలవాటు కొందరికి అబ్బుతుంది. ఫోను కెమెరాను పక్కన, మోకాలి ఎత్తులో పెట్టి చిత్రించుకోవడం మేలు. ఎందుకంటే తెలుగు ఇంట్లో ప్రదర్శన అంటే ముందు పెద్దలు, వెనుక సోఫా చేతి మీద పిల్లలు, పక్కన టీ కప్పుతో నిలబడ్డ పిన్నిగారు. నలువైపులా కళ్లున్న ఇటువంటి గదిలో డబుల్ లిఫ్ట్, ఇన్‌జాగ్ నిలబడతాయి. ముక్కను అరచేతిలో దాచే పామింగ్ మాత్రం వెనుక కూర్చున్న పిల్లలకు తేటగా కనిపిస్తుంది గనుక, దాన్ని తరువాతి సంవత్సరానికి వాయిదా వేసుకోవడం మంచిది.