బహుళాష్టమి చంద్రుడికి

పున్నమి చంద్రుడికి పాటల కొదవ లేదు. విదియ నాటి నెలవంకకు వెతికి మరీ దండం పెట్టేవాళ్ళున్నారు. నిన్నెవరు తలుచుకుంటారు, బహుళాష్టమి చంద్రుడా? సంకష్టహర చవితి నాడు ఉపవాసమున్న ఇల్లాలు డాబా ఎక్కి నీ కోసం చూస్తుంది. ఆ తర్వాత రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమి నాటికి నువ్వు అర్ధరాత్రి చుట్టానివి. శ్రావణంలో ఒక్కసారి, కృష్ణుడి పుణ్యమా అని, నీ కోసం ఊరు మేలుకుంటుంది. తక్కిన నెలల్లో కుక్కలు కూడా మొరిగి మొరిగి పడుకున్నాక వస్తావు.

చుక్కల ఫొటోలు తీసేవాడికైతే నువ్వు పిలవని పేరంటానివి. నువ్వొస్తే సన్న చుక్కలన్నీ వెలవెలబోతాయి. అందుకే పంచాంగం చూసుకుని, నువ్వు రాకముందే పని కానిద్దామని, మాఘమాసంలో గండికోట లోయ అంచున ట్రైపాడ్ నిలబెట్టాను. ఎదురుగా ఉత్తరం. ధ్రువుడు ఇక్కడ ఆకాశంలో 15 డిగ్రీల ఎత్తునే ఉంటాడు, అవతలి గట్టుకు కాపలా కాస్తున్నట్టు. చుక్కలు గంటకు మరో 15 డిగ్రీలు జరుగుతూ అతని చుట్టూ గీతలు గీసుకుంటున్నాయి. అడుగున పెన్నా ఉందని తెలుస్తోంది తప్ప కనిపించడం లేదు. పిల్లలకోడి పడమటికి దిగిపోయింది. లెన్సుకు మూత పెట్టబోతున్నాను.

అప్పుడు అవతలి గట్టు నెత్తి తెల్లబడింది.

ఎవరో బండి లైటు వేశారనుకున్నాను. బండి లైటు అయితే కదలాలి కదా! ఇది కదల్లేదు, దిగింది. కొండ కొమ్ము నుంచి ఒక్కో రాతి వరుసా, ఒక్కో పగులూ దిగుతూ వచ్చింది. పగుల్లో పట్టుకుని వేలాడే చిన్న చెట్టుకు ముందు కొమ్మలొచ్చాయి, తర్వాత నీడ వచ్చింది. నేనున్న గట్టు ఇంకా చీకట్లోనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, ఆగ్నేయాన, కోట గోడ మీద నువ్వు. పైన అడ్డంగా కోసేసినట్టు సగమే ఉన్నావు. వెలిగే సగం కిందికి చూస్తోంది, నేల చాటున ఉన్న సూర్యుడి వైపు.

నీ దగ్గర ఉన్నదెంతని! సగం బింబం కదా, పున్నమిలో సగమైనా వెలుగుంటుందనుకుంటాం. పదో వంతు కూడా ఉండదు. నీ గుంటల నీడలూ కొండల నీడలూ నీ మీదే పడి వెలుగును మింగేస్తాయి. ఆ మిగిలిన కాస్తలోనే లోయంతటికీ వడ్డించావు. నా కంటికి అంతా బూడిద రంగే. అంత మసక వెలుగులో రంగులు పట్టే కణాలు పనిచేయవు, నలుపు తెలుపులు చూసే కణాలదే రాజ్యం. కెమెరాకు ఆ ఇబ్బంది లేదు. 30 సెకన్లు షట్టర్ తెరిచి పెడితే రాయి ఎర్రగా వచ్చింది. ఆకాశం నీలంగా వచ్చింది, ఆ నీలంలో చుక్కలు! వెన్నెలంటే ఎండే కదా. నిన్ను తాకి వచ్చినంత మాత్రాన ఆకాశాన్ని నీలం చేసే గుణం పోతుందా?

చీకటి కోసం వచ్చినవాడికి పగలు చూపించావు. అదీ ఎవరూ అడగని వేళ, ఎవరూ మెచ్చని సగం మొహంతో. పున్నమి వాడు తొలిజాము నుంచే సభ తీరుస్తాడు, చప్పట్లు కొట్టించుకుంటాడు. నా ఓటు నీకే.

పొద్దున జమ్మలమడుగులో టీ తాగుతూ తెర మీద ఆ ఫొటో చూపిస్తే, పక్కాయన "పగలు తీసినావా అన్నా?" అన్నాడు. చుక్కలు చూడమన్నాను. "దుమ్ము పడిందేమో, తుడువు" అన్నాడు. తలెత్తితే నువ్వు ఇంకా ఉన్నావు, కరెంటు తీగలకు పైన, పడమటి వైపు, ఎండలో సున్నం పూసినట్టు. మధ్యాహ్నం దాకా నీకెక్కడికీ తొందర లేదు. నేను ఇంకో టీ చెప్పాను.