అడ్మిన్ గారూ, అనుమతిస్తారా?

ఈ వారం వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొట్టి కొట్టి ఒక వీడియో ఈ కాలమిస్టు ఫోన్‌లోకీ వచ్చి పడింది. కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కాలట, ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ అని టైప్ చేయాలట. అంతవరకు పేచీ లేదు. పాడైన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఆ టూల్ అడ్మిన్ హోదా లేకుండా కదలనే కదలదు. ఒళ్లు మండించింది ఆ తర్వాతి సలహా. స్క్రీన్ మసకబారి ‘ఎస్, నో’ అడిగే పెట్టె విసిగించకుండా యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) స్లయిడర్‌ను అట్టడుక్కి లాగేయమన్నాడు వీడియోలోని కుర్రాడు.

ఇల్లంతటికీ ఒకే లాగిన్, అదీ అడ్మిన్ లాగిన్ అనే మన ఆచారం మీద ఈ కాలమ్ రుసరుసలు పాఠకులకు కొత్త కాదు. నాన్న బ్యాంకు పనీ, పిల్లల గేములూ అన్నీ అందులోనే. ఇది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నేర్పిన అలవాటు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్ని అకౌంట్లు పెట్టినా అన్నిటికీ అడ్మిన్ హోదా ఇచ్చేసేది. ప్రోగ్రాములు రాసేవాళ్లూ దానికే అలవాటుపడి, ప్రతి చిన్న సెట్టింగునూ ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లోకే తోసేవారు.

దాని ఫలం అనుభవించింది మన డీటీపీ సెంటర్లు. 2007లో ఆ ‘ఎస్, నో’ పెట్టెతో విస్టా, ఆ తర్వాత విండోస్ 7 వచ్చాక అక్కడ జరిగిన తిరకాసులు అన్నీ ఇన్నీ కావు. తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్‌ను మామూలుగా తెరిచి, పేజ్‌మేకర్‌ను అడ్మిన్‌గా తెరిస్తే శుభలేఖలో పెళ్లికూతురి పేరు బదులు పిచ్చి గుర్తులు పడేవి. తక్కువ హోదా ప్రోగ్రామ్ ఎక్కువ హోదా విండోలో వేలు పెట్టకుండా విస్టా నుంచీ కట్టడి ఉంది మరి. ఇంకో వింత. పొద్దుటి ఆపరేటర్ ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లో సేవ్ చేసిన డిజైన్, సాయంత్రం వేరే లాగిన్‌తో కూర్చున్నవాడికి కనిపించేది కాదు. పాత ప్రోగ్రాములు అలిగి ఆగిపోకుండా, ఆ ఫైలును విండోస్ గుట్టుగా మొదటివాడి ‘వర్చువల్‌స్టోర్’ ఫోల్డర్‌లోకి మళ్లించేది. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకునేవారు. మెకానిక్ వచ్చి అన్నిటినీ అడ్మిన్ చేసేసి, రెండొందలు పుచ్చుకుని వెళ్లేవాడు.

ఆ పెట్టె మీద విసుగు ఇక్కడే కాదు, లోకమంతా ఉంది. ప్రతి మాటకూ అనుమతి అడిగే నల్లకోటు గార్డును పెట్టి ఆపిల్ ఏకంగా ఒక టీవీ ప్రకటనే తీసి విస్టాను ఆటపట్టించింది. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్‌ఎస్‌ఏ సదస్సులో మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్ అసలు గుట్టు విప్పేశాడు: జనాన్ని విసిగించడానికే యూఏసీని పెట్టామని. విసిగినవాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల మీద పడతారు, వాళ్లు దారికొస్తారు అని లెక్క. లెక్క తప్పలేదు. అనుమతి అడిగే ప్రోగ్రాములు, పనులు ఏడున్నర లక్షలకు పైగా ఉన్నవి, 2008 ఆగస్టుకల్లా లక్షా డెబ్భై వేల లోపుకు దిగాయని ఆ కంపెనీయే చెప్పుకుంది.

కాబట్టి స్లయిడర్ దించినవాళ్లు దాన్ని మళ్లీ పై నుంచి రెండో గీతకు చేర్చాలి. రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంట్ ఒకటి, పాస్‌వర్డుతో అడ్మిన్ అకౌంట్ వేరేగా ఒకటి పెట్టుకోవాలి. ఈ కాలమ్ పాత పాట ఇదే.

అయితే ఆ పాట కాపాడేది దేన్ని? విండోస్‌ను. విండోస్ పోతే ఒక పూటలో మళ్లీ వేసుకోవచ్చు. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు ఉండేది యూజర్ సొంత ఫోల్డర్‌లో. వాటికి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కు అడ్మిన్ హోదాతో పనే లేదు, స్టాండర్డ్ అకౌంటే చాలు. పైగా అడ్మిన్ లాగిన్‌లో కనిపించే ఆ ‘ఎస్, నో’ పెట్టెను భద్రతకు సరిహద్దుగా లెక్కవేయబోమని మైక్రోసాఫ్ట్ ఏనాడో తేల్చేసింది. అందుకే ఇంట్లో ఎవరికి ఏ హోదా ఇవ్వాలన్న పంచాయితీ వచ్చే ఆదివారానికి వాయిదా వేసినా నష్టం లేదు. ముందు ఫొటోలన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక కేబుల్ పీకేయడం మరవొద్దు. తగిలించి ఉంచిన డిస్కునూ రాన్సమ్‌వేర్ వదిలిపెట్టదు.